తెరుచుకొనని తెలుగు ఫైళ్లు

పలమనేరులో ఒక ఉన్నత పాఠశాలవారు 2001వ సంవత్సరంలో వార్షికోత్సవ సంచిక నొకదానిని వేసినారు. ఆ ఊరి విశ్రాంత తెలుగు పండితు లొకరు అందులో చుట్టుపట్ల చెరువులను గురించి, మట్టిపనికి పేరుపొందిన కుమ్మరి కుటుంబాలను గురించి దీర్ఘమైన వ్యాసం వ్రాసినారు. పండితులు ఇప్పుడు లేరు. సంచిక ప్రతి ఒక్కటైనా దొరకునేమో అని ఎంత వెదకినా దొరకలేదు. దొరికినది ఒక సి.డి. మాత్రమే. ఆనాడు డి.టి.పి. చేసిన అంగడివారు పని ముగిసిన తరువాత ఇచ్చినది. పండితుల కుమారుడు దానిని నా చేతిలో పెట్టి, "ఫైలైతే ఉంది సార్, తెరుచుకోవడం లేదు. మీరన్నా చూడండి" అన్నారు.

పాఠకులలో అనేకుల ఇండ్లలో ఇటువంటి సి.డి.లో, ఫ్లాపీలో ఉండియే ఉండవచ్చును. పెండ్లి పత్రిక, తాతగారి శతకం, ఊరి దేవాలయ చరిత్ర, చిన్న పత్రిక పాత సంచికలు. 1990 నుండి 2010 వరకు అచ్చయిన తెలుగులో ఎక్కువ భాగం ఒకప్పుడు ఇట్టి ఫైలుగా ఉన్నదే. ఆ ఫైళ్లు ఈనాడు ఏల తెరుచుకొనవు? తెరుచుకొన్నను ఏల చదువరాకుండ ఉన్నవి? ఈ ప్రశ్నకు సమాధానం తెలుగు లిపి కంప్యూటరులో ప్రవేశించిన చరిత్రలోనే ఉన్నది.

ముందుగా సి.డి. సంగతి. నా అదృష్టంకొద్దీ ఆ పళ్లెం పాడుకాలేదు. అందులో చివర 'పి65' అన్న మూడక్షరాల తోక గల ఫైళ్లు పండ్రెండు ఉన్నవి. తోక అనగా ఫైలు పేరు చివర చుక్క తరువాత వచ్చే భాగం. దానిని బట్టియే కంప్యూటరు ఈ ఫైలును ఏ ప్రోగ్రాముతో తెరవవలెనో ఊహించును. అది ఊహ మాత్రమే. తోకను ఎవరైనా మార్చవచ్చును. మార్చినంత మాత్రాన లోపలి సరకు మారదు. సరకు నిజంగా ఏమిటో తెలిసికొనవలెనంటే ఫైలు మొదటి కొన్ని బైట్లను చూడవలెను. పి.డి.ఎఫ్. ఫైలు శాతపు గుర్తుతోను, ఆ వెంటనే తన మూడక్షరాల పేరుతోను మొదలగును. జిప్పు ఫైలు మొదట 'పి', 'కె' అను రెండక్షరా లుండును. అవి ఆ పద్ధతిని రూపొందించిన ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరాలు. నేటి వర్డు పత్రాలు కూడ లోపల జిప్పు ఫైళ్లే కాబట్టి వాని మొదటను ఆ రెండే కనిపించును. తెరుచుకొనని ఫైలు చేతికి వచ్చినప్పుడు మొదట చేయవలసిన పరీక్ష ఇదే. పశువు చెవి కత్తిరింపును చూచి మందను గుర్తుపట్టినట్లు పట్టవచ్చును.

పి65 అనునది పేజ్‌మేకరు 6.5 తోక. పేజ్‌మేకరును 1985లో ఆల్డస్ అను అమెరికా సంస్థ వెలువరించినది. 1994లో ఆ సంస్థను అడోబీ కలుపుకొన్నది. 2001లో వచ్చిన 7వ కూర్పు తరువాత దాని అభివృద్ధి ఆగిపోయినది. కాని తెలుగునాట అచ్చుపనివారు దానిని సులభంగా విడువలేదు. లిబ్రె ఆఫీసు అను ఉచిత ప్రోగ్రాము 2015లో వచ్చిన 4.4వ కూర్పు నుండి పేజ్‌మేకరు ఫైళ్లను చదువగలుగుచున్నది. పలమనేరు ఫైళ్లు దానిలో తెరుచుకొన్నవి. పండితుల కుమారుడు సంతోషంతో కుర్చీ దగ్గరకు జరుపుకొన్నారు. తెరమీద తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, తలమీద చుక్కలు, గీతలు గల ఐరోపా అక్షరాలు, డిగ్రీ గుర్తులు, బ్రాకెట్లు వరుస తప్పిన చీమలవలె పేజీనిండా ఉన్నవి.

ఫైలు తెరుచుకొనుట వేరు, అక్షరం తెరుచుకొనుట వేరు.

కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, సంఖ్యలే తెలియును. ఏ సంఖ్య ఏ అక్షరానికి గుర్తో మనుష్యులు ముందుగా ఒప్పందం చేసికొనవలెను. 1963లో అమెరికాలో అట్టి ఒప్పందం కుదిరినది. దానిని ఆస్కీ అందురు. అందులో 128 స్థానాలు. పెద్ద 'ఎ'కు 65, చిన్న 'ఎ'కు 97. తరువాత స్థానాలను 256కు పెంచి, పై సగంలో ఐరోపా భాషల అక్షరాలను, కొన్ని గుర్తులను చేర్చినారు. మన లిపికి అందులో చోటు లేదు.

చోటు లేకపోవుట ఒక చిక్కు, లిపి స్వభావం ఇంకొక చిక్కు. తెలుగులో హల్లులు, అచ్చులు కలిపి ఏబదికి పైచిలుకు. కాని హల్లుకు తలకట్టు, గుడి, కొమ్ము, ఏత్వం మొదలైనవి చేరి, క్రింద వత్తులు చేరి ఏర్పడే రూపాలు వేలసంఖ్యలో ఉన్నవి. సీసపు అచ్చుల కాలంలో కంపోజిటరు ముందు వందలకొలది గడులున్న కేసులు ఉండెడివి. దీనిని కంప్యూటరులో ఇమిడ్చుటకు రెండు దారులున్నవి. అక్షరం పలుకును బట్టి సంఖ్య ఇచ్చుట ఒకటి. అక్షరం కనబడే తునకను బట్టి సంఖ్య ఇచ్చుట రెండవది. మొదటి దారిలో 'కే' అనగా 'క' అను ధ్వని, దానిపై 'ఏ' అను ధ్వని. రెండవ దారిలో 'కే' అనగా ఈ ఆకారపు ముక్క, దానిపై ఆ ఆకారపు ముక్క. చూచుటకు రెండును ఒకటే. నిలువచేసినప్పుడు మాత్రం భూమ్యాకాశాల అంతరం.

మన దేశంలో మొదట ఆలోచించినవారు మంచి దారినే పట్టినారు. కాన్పూరు ఐ.ఐ.టి.లో భారతీయ లిపుల యంత్రాలపై జరిగిన పరిశోధన ఫలితంగా 1983లో దేవనాగరి టెర్మినలు వచ్చినది. ఆ కృషిలో ముఖ్యుడైన మోహన్ తాంబే, 1988లో పుణెలో సి-డాక్ ఏర్పడిన తరువాత అక్కడ దానిని కొనసాగించినాడు. 'ఇస్కీ' అను సంకేత పద్ధతిని 1991లో భారత ప్రమాణాల సంస్థ 13194 సంఖ్యతో ప్రమాణంగా ప్రకటించినది. బ్రాహ్మి నుండి పుట్టిన లిపులన్నింటికి వర్ణక్రమం దాదాపు ఒకటే గనుక, ఒకే ధ్వనికి అన్ని లిపులలోను ఒకే సంఖ్య ఇచ్చినారు. 'క'కు 179. అది తెలుగు 'క' కావచ్చును, కన్నడ 'క' కావచ్చును, బెంగాలీ 'క' కావచ్చును.

ఇంత చక్కని పద్ధతి పలమనేరు అంగడికి ఏల చేరలేదు? ధ్వనుల వరుసను చూచి అక్షర రూపాన్ని కూర్చుటకు యంత్రానికి ప్రత్యేకమైన తెలివి కావలెను. జిస్ట్ అను పేర కంప్యూటరులో అమర్చు కార్డు ఒకటి ఆ పని చేసెడిది. ఆనాటి విండోసుకు సొంతంగా ఆ తెలివి లేదు. పేజ్‌మేకరుకు అసలే లేదు. 1992లో విండోసు 3.1తో పాటు ట్రూటైపు ఫాంటులు వచ్చినవి. ఫాంటు చేయగలవాడు ఎవడైనా ఇంగ్లీషు 'ఎ' కూర్చుండే స్థానంలో తెలుగు తునక నొకదానిని కూర్చుండబెట్టవచ్చును. కంప్యూటరు దానిని ఇంగ్లీషనియే అనుకొనును. కాగితంపై తెలుగు పడును. చవుకయైన ఉపాయం, వెంటనే పనిచేసే ఉపాయం. హైదరాబాదు నుండి అను ఫాంటులు, పుణె నుండి శ్రీలిపి, బెంగుళూరు నుండి ఆకృతి ఈ తోవలోనే వచ్చి ఊరూరా వ్యాపించినవి.

చిక్కంతయు ఇక్కడ పడినది. ఏ తునకను ఏ స్థానంలో ఉంచవలెనో ఎవరికి వారే నిర్ణయించుకొన్నారు. మ, య, ఝ వంటి అక్షరాలను కొన్ని ఫాంటులు రెండు తునకలు చేసినవి, కొన్ని చేయలేదు. ఒకే సంస్థ తన కొత్త కూర్పులో పాత స్థానాలను మార్చుటయు కలదు. ఒకరి ఫైలును మరొకరి ఫాంటుతో చూచినచో తెలుగు ముక్కలే కనబడును గాని మాట కుదరదు. దినపత్రికలు అంతర్జాలంలోకి వచ్చినప్పుడును ఇదే తంతు. ఈనాడు చదువుటకు ఒక ఫాంటు, వార్త చదువుటకు ఇంకొకటి దింపుకొనవలసి వచ్చెడిది.

ఆ అంగళ్లవారిని నిందించుట న్యాయం కాదని నా అభిప్రాయం. వారికి కావలసినది కాగితం. సీసపు అచ్చుల కాలంలో పుస్తకం ముద్రించిన తరువాత కూర్చిన అచ్చులను విప్పి మరల కేసులోని గడులలో వేసెడివారు. కూర్పును దాచుకొనుట అన్న ప్రశ్నయే లేదు. పుస్తకమే నిలువ. ఆ అలవాటుతోనే డి.టి.పి. వచ్చినది. ఫైలు ఒక నాటికి పుస్తకం కంటె ఎక్కువ కాలం మిగిలి, దానికోసం మనుష్యులు దేవులాడుకొందురని 2001లో ఎవరు తలచినారు?

పలమనేరు అంగడివారికి ఇంకొక బాధ కూడ ఉండెడిది. చిత్తూరు నుండి బెంగుళూరు పోవు దారిలోని ఊరది. ఇటు కర్ణాటకం, అటు తమిళదేశం పెద్ద దూరం కాదు. పెండ్లి పత్రికలో వధువు వైపు తెలుగు, వరుని వైపు తమిళమో కన్నడమో ఉండుట అక్కడ విశేషం కాదు. మూడు లిపులకు మూడు ఫాంటులు, మూడు విధాలైన దొంగ ఇంగ్లీషులు. పైగా తెలుగులోనే ఒకరు ఆపిల్ కీబోర్డు నేర్చినవారు, ఒకరు మాడ్యులర్ నేర్చినవారు. ఒకరి కుర్చీలో ఒకరు కూర్చొనుటకు వీలులేదు.

ఇదే కాలంలో సముద్రాల కావల తెలుగువారు మరొక దారి పట్టినారు. 1990 తరువాత అమెరికా విశ్వవిద్యాలయాలలోని విద్యార్థులు అంతర్జాల చర్చావేదికలలో తెలుగు వ్రాయగోరినారు. వారికి ఫాంటులు లేవు. హ్యూస్టను నగరంలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్‌లు ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగును తప్పులేకుండా వ్రాయు పద్ధతి నొకదానిని ఏర్పరచినారు. దానిని ఆర్.టి.ఎస్. అందురు. హ్రస్వానికి చిన్నక్షరం, దీర్ఘానికి పెద్దక్షరం వంటి నియమాలు గల పద్ధతి అది. చూపుకు అందంగా ఉండదు. తెలుగు లిపిని వదలినారని చిన్నచూపు చూచినవారును ఉన్నారు. కాని అది ధ్వనిని పట్టుకొన్నది. రాసినది శుద్ధమైన ఆస్కీ. అందుచేత ఆనాటి ఆర్.టి.ఎస్. ఫైళ్లు నేడు ఏ కంప్యూటరులోనైనా తెరుచుకొనును, ఒక్క క్షణంలో తెలుగు లిపిలోకి మారును. అందమైన ఫాంటులతో కూర్చినవి మూగబోయినవి.

ప్రపంచ భాషలన్నింటికి ఒకే ఒప్పందం ఉండవలెనన్న ప్రయత్నం 1991 అక్టోబరులో యూనికోడు మొదటి కూర్పుగా వెలువడినది. అందులో తెలుగు మొదటినుండియు ఉన్నది. మన ఇస్కీ 1988నాటి వర్ణక్రమాన్నే యూనికోడువారు తీసికొన్నారు. తెలుగుకు 3072 నుండి 3199 వరకు 128 స్థానాలు. 'పలమనేరు' అనగా యంత్రానికి ఈ ఏడు సంఖ్యలు: 3114, 3122, 3118, 3112, 3143, 3120, 3137. అయిదక్షరాలకు ఏడు సంఖ్యలు ఏల అని పాఠకులు అడుగవచ్చును. 'నే'లోని ఏత్వానికి ఒకటి, 'రు'లోని కొమ్ముకు ఒకటి వేరుగా లెక్క.

ఇస్కీ వారసత్వం ఎంత చక్కగా నిలిచినదో చూడవలెనంటే పలమనేరు పెండ్లి పత్రికనే తీసికొనవచ్చును. తమిళపు 'ప'కు యూనికోడు సంఖ్య 2986. తెలుగు 'ప'కు 3114. కన్నడపు 'ప'కు 3242. ఒకదానికొకటి సరిగా 128 ఎడము. మూడు లిపులకు ఉమ్మడిగా ఉన్న హల్లులలో దాదాపు దేనిని తీసికొన్నను ఇదే ఎడము కనిపించును. మూడు లిపులు ఒకే నమూనా ఇండ్లలో, వరుసగా మూడు వీధులలో కాపురమున్నట్లు ఉన్నవి.

ఒప్పందం 1991లోనే కుదిరినను, అది మన బల్లమీదికి వచ్చుటకు పదేండ్లు పట్టినది. 2001లో వచ్చిన విండోసు ఎక్స్‌.పి.లో గౌతమి అను తెలుగు యూనికోడు ఫాంటు, లిపిని కూర్చు తెలివి రెండును వచ్చినవి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అను ఫాంటులను ఉచితంగా ఇచ్చినారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభమైనది. దానికి పునాది వేసిన వెన్న నాగార్జునయే 'పద్మ' అను మార్పిడి సాధనాన్ని కూడ తయారుచేసినాడు. పత్రికల సొంత ఫాంటుల పాఠాన్ని అది ఫైర్‌ఫాక్సు విహారిణిలోనే యూనికోడుగా మార్చి చూపెడిది. ఎంతో మేలు చేసిన సాధనం. 2017లో ఫైర్‌ఫాక్సువారు పాత తరహా పొడిగింపుల నన్నింటిని తొలగించినారు. ఆ పాత రూపంలోని పద్మ కొత్త ఫైర్‌ఫాక్సులో పనిచేయదు. తాళాలు తీసేవానికే తాళం పడినది!

నా చేతిలోని పండ్రెండు ఫైళ్లకు తిరిగి వచ్చెదను. పేజ్‌మేకరు తన ఫైలులో ప్రతి భాగానికి వాడిన ఫాంటు పేరును వ్రాసిపెట్టును. ఆ పేరే తాళపుచెవి. అది తెలిసిన తరువాత ఆ ఫాంటుకు తగిన మార్పిడి ప్రోగ్రాము వెదకుట కష్టం కాలేదు. మార్పిడి అయిన పాఠంలో తప్పులు లేకపోలేదు. వత్తులు ఒక అక్షరం తప్పి పక్క అక్షరానికి పట్టినవి, కొన్ని సున్నలు ఎగిరిపోయినవి. తునకలు కంటికి కనబడే వరుసలో ఉండును గాని పలికే వరుసలో ఉండవు. ఇది ఎవరి వత్తు అని యంత్రం ఊహించవలెను. వారం దినాలు కూర్చుండి దిద్దినాము. వ్యాసం మొదటి భాగం పూర్తిగా లభించినది.

ఇట్టి ఫైళ్లు చేతిలో ఉన్నవారికి ఉపయోగపడునని, తెరమీది గుర్తులను చూచి వ్యాధిని పోల్చుకొను విధం చెప్పుచున్నాను. అక్షరాల స్థానంలో ఖాళీ పెట్టెలు కనిపించినచో భయం లేదు. పాఠం సరిగానే ఉన్నది, ఫాంటు లేదు. తలపై వాలుగీత గల చిన్న 'ఎ', దాని వెంట చిన్న సున్నయో కూడిక తీసివేతల జంట గుర్తో పదే పదే వచ్చుచున్నచో అదియు మంచి వార్తయే. అది యూనికోడు తెలుగే. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్‌లు రూపొందించిన యు.టి.ఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంఖ్యను మూడు బైట్లుగా వ్రాయుదురు. మొదటి బైటు ఎప్పుడును 224, రెండవది 176 గాని 177 గాని. వానిని ఐరోపా అక్షరాలుగా పొరబడినప్పుడు ఆ రూపం కనబడును. తెరచునప్పుడు సంకేత పద్ధతిని యు.టి.ఎఫ్-8 అని చెప్పినంతనే తెలుగు వచ్చును. ఆ క్రమం లేకుండ గజిబిజిగా ఉన్నచో పాత ఫాంటు వ్యవహారం. ఫాంటు పేరు వెదకవలెను. ఏ సందర్భంలోను అసలు ఫైలును దిద్దరాదు, నకలు తీసి దానిమీదనే ప్రయోగాలు చేయవలెను. జపానువారికి ఈ వ్యాధి ఎంత పరిచితమంటే దానికి 'మొజిబాకె' అని పేరే ఉన్నది. అక్షరం రూపు మారుట అని అర్థం.

తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారమను చిన్న గదిలో తాళ్లపాకవారి రాగిరేకులు రెండువేలకు పైగా శతాబ్దాల పాటు పడియున్నవి. గత శతాబ్దిలో వానిని వెలికితీసినప్పుడు వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితులు కూర్చుండి చదివినారు. అక్షరాల మలుపు కొంత పాతది, అంతే. ఏ రూపం ఏ ధ్వనికో ఒప్పందం తెగిపోలేదు. ఆ రేకులు నాలుగైదు వందల యేండ్లు నిలిచినవి. మన సి.డి.కి ఇరువదియేండ్లు నిండగానే ఒక ప్రోగ్రామును, ఒక ఫాంటును, ఒక మార్పిడి సాధనాన్ని తోడు తెచ్చుకొనవలసి వచ్చినది.

ప్రశ్నార్థకాల మాట చెప్పలేదు. అదియే అన్నింటిలో చెడ్డ వ్యాధి.

పండితులవారు తమ వ్యాసానికి రెండవ భాగం కూడ వ్రాసినారు. అది అచ్చుకాలేదు. 2006లో వారు ఆ చేతివ్రాతను నాకే ఇచ్చి కంప్యూటరులో ఎక్కించుమన్నారు. అప్పుడే కొత్తగా వచ్చిన లేఖిని అను సాధనంలో, శుద్ధమైన యూనికోడులో, రెండు వారాలు కూర్చుండి కొట్టినాను. నోట్‌ప్యాడులో పెట్టి భద్రపరచినాను. భద్రపరచునప్పుడు యంత్రం ఇంగ్లీషులో ఒక హెచ్చరిక చూపినది. సరే అని నొక్కినాను. ఆనాటి నోట్‌ప్యాడు తనంతట తానుగా పాత 256 స్థానాల పద్ధతిలోనే భద్రపరచెడిది. 2019లో గాని ఆ అలవాటు మారలేదు. తనకు తెలియని ప్రతి సంఖ్యకు బదులు ఒక ప్రశ్నార్థకం పెట్టి, అసలు సంఖ్యను పారవేయును. అట్లు పోయినది ఏ ప్రోగ్రాముకును తిరిగి రాదు. నేను ఫైలును మూసినాను, మరల తెరచి చూడలేదు. చేతివ్రాత కాగితాలను పండితులవారికి తిరిగి ఇచ్చినాను. అవి తరువాత చెదలపాలైనవి.

మొదటి భాగం దిద్దుట పూర్తి అయిన సాయంకాలం ఈ రెండవ ఫైలును తెరచినాము. పేజీ తరువాత పేజీ ప్రశ్నార్థకాలే. ఖాళీలు, కామాలు, చుక్కలు, అంకెలు ఆస్కీకి చెందినవి కనుక అవి చెక్కుచెదరలేదు. వాక్యాలెన్నో లెక్కపెట్టవచ్చును. ఒకచోట 1876, 1877 అని పక్కపక్కన ఉన్నవి. అది ధాత కరువు ప్రసంగమై ఉండును. చెరువుల పేర్లుండవలసిన చోట్ల కామాల మధ్య చిన్న చిన్న ప్రశ్నార్థకాల గుంపులున్నవి, వాని పక్క ఎకరాల అంకె లున్నవి.

ఒక్కొక్క సంఖ్యకు ఒక్కొక్క ప్రశ్నార్థకం. ఆ లెక్కన ఏడు ఉన్న చోటెల్ల 'పలమనేరు' అయి ఉండవచ్చునని పెన్సిలుతో గుర్తు పెట్టుచు వచ్చినాను. పండితుల కుమారుడు కొంతసేపు చూచి, 'కుమ్మరి' అను మాటకు ఎన్ని సంఖ్యలని అడిగినారు. లెక్కించినాను. 'క', కొమ్ము, 'మ', పొల్లు, 'మ', 'ర', గుడి. అదియు ఏడే.